చిన్న గదిలో స్టీరియో: స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?



పాట వినిపించే యంత్రానికి మనం డబ్బు ఖర్చు పెడతాం గానీ, పాట వినే గది గురించి అంతగా ఆలోచించం. కొత్తగా కొన్న స్పీకరు పెట్టెల్లో ఒకటి బీరువా మీదికి ఎక్కుతుంది, రెండోది కిటికీ గట్టు మీద కూర్చుంటుంది. లేదా రెండూ టీవీకి చెరోపక్క, జానెడు ఎడంలో, షోకేసు అరల్లో ఇరుక్కుంటాయి. దుకాణంలో విన్నప్పుడు అంత హాయిగా ఉన్న పాట ఇంటికొచ్చాక గుయ్యిమని మోగుతుంది. దుకాణదారు మోసం చేశాడనుకుంటాం. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, పెట్టిన చోటుది. పైసా ఖర్చు లేకుండా దీన్ని చాలావరకు సరిచేసుకోవచ్చు. అదెలాగో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

తెలుగు రాష్ట్రాలకు వెలుపల తరతరాలుగా స్థిరపడినవాళ్ళకు ఇందులో మరో సంగతి కూడా ఉంది. హోసూరులోనో, కోలారులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో పెరిగే పిల్లలకు బడిలో తెలుగు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళ మాట తర్వాత వాళ్ళ చెవిన పడే తెలుగు పాటలోదీ, హరికథలోదీ, రేడియో నాటకంలోదీ. త్యాగరాజస్వామి తమిళదేశంలో, తిరువయ్యారులో ఉండి కీర్తనలు రాసింది తెలుగులోనే. గదిలో మోత ఎక్కువైనా రాగం ఎలాగో వినిపిస్తుంది. ముందుగా చెడిపోయేది మాట. అచ్చులకు బలం ఎక్కువ, అవి సాగుతాయి. హల్లులు క్షణంలో పుట్టి క్షణంలో పోతాయి. గది మోత వెనకటి అచ్చును సాగదీసి, దాని పక్కనున్న హల్లును మింగేస్తుంది. అప్పుడు 'దయ' ఏదో, 'లయ' ఏదో పిల్లవాడికి తెలియదు. అందుకని ఈ విషయాన్ని సంగీత రసికుల ముచ్చటగా మాత్రమే చూడనక్కరలేదు.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక గదిని తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. నున్నని గచ్చు, సున్నం వేసిన గోడలు, పైన కాంక్రీటు కప్పు. ఒక దివాను, ఒక ఇనుప బీరువా, రెండు కుర్చీలు. మనలో చాలామంది ఇళ్ళల్లో ముందుగది ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వీలైతే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కొన్ని కొలతలు చెబుతాను.

ముందుగా స్టీరియో అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసిన అలాన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు 1931లో దీనికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. సినిమాలో నటుడు తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నా, గొంతు మాత్రం ఒక్కచోటి నుంచే రావడం ఆయనకు నచ్చలేదంటారు. మనకు రెండు చెవులున్నాయి. కుడివైపు పుట్టిన శబ్దం కుడిచెవికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. ఎడమచెవికి కొంచెం ఆలస్యంగా, కొంచెం మెత్తగా చేరుతుంది. ఈ తేడాను బట్టే, కళ్ళు మూసుకుని ఉన్నా, ఎవరు ఎటు నుంచి పిలిచారో చెప్పగలుగుతాం. ఇప్పుడు రెండు స్పీకర్ల నుంచి ఒకే గొంతు ఒకే సమయానికి, ఒకే బలంతో వచ్చిందనుకోండి. మన మనసు దాన్ని రెండు గొంతులుగా తీసుకోదు. రెండు పెట్టెలకూ నట్టనడుమ, ఏమీ లేని చోట, గాయకుడు కూర్చుని పాడుతున్నట్టు తోస్తుంది. వయొలిన్ ఒకవైపు, మృదంగం మరోవైపు, గొంతు మధ్యలో - ఇలా కచేరీ వేదిక మన గదిలోకి వస్తుంది.

అయితే ఈ భ్రమ చాలా సున్నితమైనది. ఒకే శబ్దం రెండుచోట్ల నుంచి వస్తే, ముందుగా అందిన వైపు నుంచే వచ్చిందని చెవి తీర్పు చెబుతుంది. ఆ తర్వాత సుమారు 30 మిల్లీసెకన్ల లోపల, అంటే సెకనులో వెయ్యోవంతులు ముప్పై గడిచేలోపల వచ్చే రెండో శబ్దాన్ని విడిగా వినదు, మొదటిదాంట్లో కలిపేసుకుంటుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ అనే ఆయన 1949 నాటి తన పరిశోధనలో దీన్ని శ్రద్ధగా కొలిచి చూపించాడు. ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. అంటే ఒక్క అడుగు దూరానికి మిల్లీసెకను కన్నా కొంచెం తక్కువ కాలం పడుతుంది. ఒక పెట్టె రెండోదాని కన్నా మనకు అడుగు దగ్గరైతే చాలు, మధ్యలో ఉండవలసిన గాయని దాదాపు ఆ దగ్గరి పెట్టెలోకి జరిగిపోతుంది. బీరువా మీద ఒకటి, కిటికీలో ఒకటి పెట్టినప్పుడు జరిగేది ఇదే. అప్పుడు రెండు పెట్టెలున్నా ఒకటే పాడుతున్నట్టుంటుంది.

ఇక పనిలోకి దిగుదాం. పెట్టెలు జరిపే ముందు తీగలు చూసుకోవాలి. ఆంప్లిఫయర్ వెనకా, స్పీకరు వెనకా ఎరుపు, నలుపు బిగింపులు ఉంటాయి. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలవాలి. రెండు పెట్టెల్లో ఒకదానికి ఇవి తారుమారైతే, ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మంద్ర స్వరాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. గొంతు మధ్యలో నిలవకుండా ఎక్కడెక్కడో తేలుతుంది. పరీక్ష సులువు. రేడియోలో వార్తలు పెట్టి, రెండు పెట్టెలకూ సమదూరంలో కూర్చోండి. స్టీరియో కాని పాత రికార్డింగు ఏదైనా సరే, దీనికి పనికొస్తుంది. మాట సూటిగా నడుమ నుంచి రావాలి. రాకపోతే, ఆంప్లిఫయర్ కట్టేసి, ఒక్క పెట్టె దగ్గర మాత్రం తీగలు అటుదిటు, ఇటుదటు మార్చి మళ్ళీ వినండి. ఏ అమరికలో గొంతు మధ్యకు వచ్చి, మంద్రం నిండుగా ఉంటుందో అదే సరైనది. ఒక తీగ పొడుగు, ఒకటి పొట్టి అయినంత మాత్రాన బెంగ అక్కరలేదు. నాలుగడుగుల తేడా చెవికి అందదు.

ఇప్పుడు టేపు తీసుకోండి. గదిలో పొట్టి గోడ, అంటే 10 అడుగుల గోడ ముందు పెట్టెలు పెట్టి, ధ్వని గది పొడవునా పోయేటట్టు చూడండి. ప్రతి పెట్టె నడిమి నుంచి పక్కగోడకు 2 అడుగులు వదలండి. అటు రెండు, ఇటు రెండు పోగా పెట్టెల మధ్య 6 అడుగులు మిగులుతుంది. పెట్టె ముందుముఖం దాని వెనక గోడ నుంచి అడుగున్నర ముందుకు ఉండాలి. ఆ గోడ నుంచి 7 అడుగుల పైచిలుకు దూరంలో, వెడల్పుకు సరిగ్గా మధ్యన కుర్చీ వేసుకోండి. అప్పుడు ఒక్కో పెట్టె మీ చెవికి ఆరు, ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. మూడు భుజాలూ ఇంచుమించు సమానమైన త్రిభుజం ఏర్పడుతుంది. మీ వెనక నాలుగున్నర అడుగులకు పైగా ఖాళీ మిగులుతుంది.

పక్కగోడలకు రెండువైపులా ఒకే దూరం ఉండటం ముఖ్యం. ఒక పెట్టె మూలన, ఒకటి తలుపు పక్కన ఖాళీలో ఉంటే, మూలనున్నది బొంగురుగానూ, తలుపు పక్కది పలుచగానూ పలుకుతాయి.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. పెట్టెలో చిన్న స్పీకరును ట్వీటర్ అంటారు. హల్లుల స్పష్టత, తాళాల గలగల, వీణ మీటు - ఇవన్నీ ఎక్కువగా దాని నుంచే వస్తాయి. ఆ సన్నని ధ్వనులు టార్చిలైటు వెలుగులాగా ఎదురుగానే ఎక్కువ పడతాయి. అందుకని ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. ఏ చెవి అన్నది మన ఇంటి అలవాటును బట్టి ఉంటుంది. స్పీకరుతో వచ్చే కాగితాల్లో బొమ్మలన్నీ సోఫాలో కూర్చున్నవాళ్ళవే. మనం చాప మీద కూర్చుని వింటే చెవి నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. కుర్చీలో అయితే మూడున్నర అడుగుల దరిదాపుల్లో. మీరు కూర్చునే చోట టేపుతో కొలిచి, పెట్టెను ఆ ఎత్తుకు అమర్చండి. ఎత్తు తక్కువైతే పెట్టె ముందంచు కింద చిన్న చెక్కముక్క పెట్టి, ముఖం కాస్త పైకి ఎత్తినా సరిపోతుంది. బీరువా మీది నుంచి కిందికి పాడే పెట్టెలో సగం మాట మన తల మీదుగా వెళ్ళిపోతుంది.

స్టాండ్లు కొనాల్సిన పని లేదు. గట్టి ఇటుకలు పేర్చి, పైన బండముక్క వేసి, రబ్బరు బిళ్ళల మీద పెట్టె ఉంచవచ్చు. పిల్లలున్న ఇంట్లో మాత్రం దొర్లిపడకుండా కట్టుదిట్టంగా ఉండాలి. లోపల డొల్లగా ఉండే చెక్కబల్ల మంచిది కాదు. అది కూడా పెట్టెతోపాటు పాడుతుంది.

ఇప్పుడు గోడల సంగతి. మంద్ర ధ్వని పెట్టె ముందుకే పోదు, చుట్టూ పాకుతుంది. పెట్టె గోడకు ఆనుకుని ఉంటే, గోడకు తగిలి వచ్చే ధ్వని నేరుగా వచ్చేదానితో కలిసి మంద్రాన్ని పెంచుతుంది. మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి ఇంకా పెంచుతాయి. కొత్తలో ఇది బాగానే ఉందనిపిస్తుంది. పది నిమిషాలు విన్నాక తెలుస్తుంది, మృదంగం తొప్పి మీద ఏ దెబ్బ పడినా ఒకే 'బుం' వస్తోందని. గాయకుడి మాట ఆ 'బుం' కింద నలిగిపోతుంది.

గోడకు దూరం జరిపితే మరో చిక్కు ఉంది. గోడ నుంచి 2 అడుగుల దూరంలో ఉన్న స్పీకరు ధ్వని వెనక్కి పోయి తిరిగి రావడానికి 4 అడుగులు అదనంగా నడవాలి. సుమారు 140 హెర్ట్జ్ స్వరానికి 4 అడుగులంటే సరిగ్గా సగం తరంగం. ముందుకు వచ్చేదీ, తిరిగి వచ్చేదీ ఎదురెదురుగా తలపడి ఆ స్వరాన్ని పలుచన చేస్తాయి. మగగొంతు నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. దీన్ని పూర్తిగా తప్పించలేం గానీ, ఒక జాగ్రత్త తీసుకోవచ్చు. ఊఫర్ నుంచి వెనక గోడకూ, పక్కగోడకూ, నేలకూ ఉన్న దూరాలు మూడూ సమానంగా ఉండకూడదు. సమానమైతే మూడు దెబ్బలూ ఒకే స్వరం మీద పడతాయి. మన లెక్కలో వెనకకు అడుగున్నర, పక్కకు రెండడుగులు ఉన్నాయి. చాప మీద కూర్చునేవాళ్ళ ఇంట్లో ఊఫర్ ఎత్తు కూడా రెండడుగులే అయితే, పెట్టెల్ని పక్కగోడల నుంచి మరో మూడు నాలుగు అంగుళాలు లోపలికి జరపండి.

అడుగున్నర వదలడానికి చోటు లేదనేవాళ్ళు కనీసం జానెడైనా వదలాలి. కొన్ని పెట్టెల వెనక గుండ్రని రంధ్రం ఉంటుంది. దాన్ని గోడతో మూసేస్తే మంద్రం గుడగుడమంటుంది. పెట్టెల మధ్య టీవీ ఉంటే, పెట్టెల ముఖాలు టీవీ తెర కన్నా కాస్త ముందుకే ఉండాలి.

చిన్న గదికి ఉన్న అసలు పేచీ మరొకటి. ఎదురెదురు గోడల మధ్య ధ్వని ఊయల ఊగుతుంది. 12 అడుగుల పొడవులో 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పులో 56 హెర్ట్జ్ దగ్గర ఈ ఊగడం మొదలవుతుంది. మన గదిలో ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి ఆ 56 మరింత బలపడుతుంది. ఇలా ఊగే స్వరం గోడల దగ్గర చాలా గట్టిగా ఉంటుంది, ఆ రెండు గోడలకూ నట్టనడుమ దాదాపు మూగబోతుంది. నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. ఒకే మంద్ర స్వరం ఆగకుండా సాగేటట్టు పెట్టి, గది పొడవునా మెల్లగా నడవండి. ఇలాంటి స్వరాలను ఫోను నుంచి స్పీకర్లకు పంపే సదుపాయం ఇప్పుడు సులువుగా దొరుకుతుంది. శబ్దం మాత్రం తక్కువలో ఉంచండి. ఒకచోట స్వరం గుండెల్లో మోగుతుంది, నాలుగడుగులు వేస్తే మాయమవుతుంది. పెట్టె అదే, స్వరం అదే. మారింది మీరు నిలబడిన చోటు.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. దివాను గోడకు ఆనించి, గోడకు జారగిలబడి వింటే మంద్రం ఎక్కువై మాట మందగిస్తుంది. గదికి సరిగ్గా మధ్యలో కూర్చుంటే మంద్రం పలుచబడుతుంది. అందుకే ఇందాక 7 అడుగుల పైచిలుకు అన్నాను. అది 12 అడుగుల గదిలో సగానికి అవతల, గోడకు ఇవతల. కుర్చీని ఆరు అంగుళాలు ముందుకూ వెనక్కూ జరిపి వినండి. కొత్త ఆంప్లిఫయర్ కొన్నా రానంత తేడా ఒక్కోసారి ఈ ఆరంగుళాల్లో వస్తుంది.

తర్వాత, గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనువెంటనే రేకు మీద గులకరాళ్ళు దొర్లినట్టు జర్రుమని వినిపిస్తే, ఎదురెదురుగా ఉన్న బోడిగోడలు ధ్వనిని బంతిలాగా విసురుకుంటున్నాయన్నమాట. ఇదికాక, స్పీకరు నుంచి బయలుదేరి పక్కగోడకు తగిలి మన చెవికి వచ్చే ధ్వని ఒకటుంది. మన 10 అడుగుల గదిలో అది అసలు ధ్వని వెనకే, రెండు మూడు మిల్లీసెకన్లలో వచ్చి చేరుతుంది. విడిగా ప్రతిధ్వనిలా వినిపించదు. అసలు ధ్వనిలో కలిసి దాని గుణం మారుస్తుంది, అంచులు చెరుపుతుంది.

అది గోడ మీద ఎక్కడ తగులుతోందో కనుక్కోవడానికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. మీరు వినేచోట కూర్చోండి. ఇంకొకరిని ముఖం చూసుకునే అద్దం పట్టుకుని, పక్కగోడ వెంట చెవి ఎత్తులో మెల్లగా జరపమనండి. అద్దంలో ఆ పక్కనున్న స్పీకరు మీకు ఎక్కడ కనిపిస్తే, ధ్వని తగిలే చోటు అదే. వెలుగైనా ధ్వనైనా గోడకు తగిలిన కోణంలోనే తిరిగి వస్తుంది. రెండు గోడల మీదా ఆ చోట్లు గుర్తుపెట్టి, అక్కడ మందపాటి బట్ట ఏదైనా వేలాడదీయండి. షోలాపూర్ చద్దరు దీనికి బాగా పనికొస్తుంది. గోడకు అతికినట్టు కాకుండా, మూడు నాలుగు అంగుళాలు ఎడంగా, కుచ్చుళ్ళు వచ్చేటట్టు వదులుగా వేయండి. అక్కడ పుస్తకాల అర ఉన్నా మంచిదే. ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాలు ధ్వనిని నలువైపులా చెదరగొడతాయి. మీకూ పెట్టెలకూ మధ్య గచ్చు మీద జంపఖానా పరవండి.

అయితే గోడలన్నిటికీ బట్టలు కప్పేయకండి. అప్పుడు సన్నని ధ్వనులు చచ్చి, మంద్రం ఒక్కటే మిగిలి, పాట దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. 47 హెర్ట్జ్ తరంగం పొడవు 24 అడుగులు. చద్దరు దాన్ని ఆపలేదు. చుట్టిపెట్టిన దూది పరుపులు పెట్టెల వెనక మూలల్లో నిలబెడితే కొంత మెరుగు. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ పలకలు గోడలకు అతికించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వాటివల్ల ఒరిగేది చాలా తక్కువ, పైగా నిప్పంటుకునే భయం ఉంది.

చివరగా, పెట్టెల ముఖాలు ఎటు చూడాలి? వినేవాడు ఒక్కడే అయితే, రెండూ అతని భుజాల వైపు చూసేటట్టు లోపలికి తిప్పితే చాలు. పక్కగోడల మీద పడే ధ్వని కూడా తగ్గుతుంది. కానీ మన ఇళ్ళల్లో పాట ఒక్కరి కోసం మోగదు. నలుగురు కూర్చున్నప్పుడు పెట్టెల్ని ఇంకొంచెం లోపలికి తిప్పండి. వాటి చూపులు మధ్యవారికి ఒక అడుగు ముందే ఒకదాన్నొకటి దాటాలి. అప్పుడు కుడి చివర కూర్చున్నవారికి కుడి పెట్టె దగ్గరే అయినా అది వారి వైపు చూడదు. ఎడమ పెట్టె దూరమైనా సూటిగా వారినే చూస్తుంది. దూరం వల్ల పోయినది కొంత బలంలో తిరిగి వస్తుంది. పాట మరీ ఒక పక్కకు ఒరిగిపోదు.

ఇవన్నీ అయ్యాక, మంద్రం ఎక్కువగా ఉన్న పాట పెట్టి గదిలో వస్తువుల మీద చెయ్యి ఆనించి చూడండి. బీరువా తలుపు, గూట్లో స్టీలు గిన్నెలు, కిటికీ అద్దం, గోడ కేలండరు - వీటిలో ఏదో ఒకటి వంత పాడుతూ ఉంటుంది. మధ్య మడత కాగితం దూర్చినా చాలు, నోరు మూస్తుంది. పక్కింటితో కలిసిన గోడ ఉన్నవాళ్ళు పెట్టెల్ని ఆ గోడకు దూరంగా ఉంచాలి. మనకు తగ్గించి వినిపించినా, మంద్రం అవతలివారికి చేరుతూనే ఉంటుంది.

అందరి ఇళ్ళల్లోనూ ఇవన్నీ కుదరవు. తలుపు అడ్డం రావచ్చు, మంచం జరపలేకపోవచ్చు. అలాంటప్పుడు వరుస గుర్తుంచుకోండి. ముందు తీగలు, తర్వాత రెండు పెట్టెలకూ సమదూరం, తర్వాత చెవి ఎత్తు, తర్వాత గోడల దూరం, చివర చద్దర్లు. మొదటి మూడూ ఎంత ఇరుకింట్లోనైనా సాధ్యమే. రెండు స్పీకర్లూ ఒకే చిన్న డబ్బాలో ఉండే రకమైతే స్టీరియో ఆశ వదులుకుని, దాన్ని మూలన కాకుండా, చెవి ఎత్తులో మీకు ఎదురుగా పెట్టుకోండి. మాటైనా తేటగా వినిపిస్తుంది.

సరిగ్గా కుదిరిందా లేదా అన్నది తేల్చడానికి మీటర్లు అక్కరలేదు. ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన పాట వద్దు. వచ్చిన పాటలో మాట వినిపించకపోయినా మనసు పూరించుకుంటుంది. ఎవరూ వినని కీర్తన ఒకటి పెట్టి, పిల్లవాడిని విన్న మాటలు కాగితం మీద రాయమనండి. పెట్టెలు జరిపే ముందు ఒకటి, జరిపాక అలాంటిదే ఇంకొకటి. ఏ కాగితంలో ఖాళీలు తక్కువున్నాయో చూస్తే మీకే తెలుస్తుంది.